వెండి కన్నా బంగారం చవక: టెక్సాస్‌లో మా 2026 హెల్త్ ప్లాన్ రివ్యూ

ముందుగా మార్కులు చెప్పేస్తాను. ప్లాన్‌కి అయిదుకి మూడున్నర. డాక్టర్లు మంచివాళ్ళు, మందులు టైముకి వస్తున్నాయి, కాల్ సెంటర్ మాత్రం ఉన్నా లేనట్టే. ధరకి మార్కులు వేయడం నా వల్ల కాదు. ఎందుకంటే ఈ ప్లాన్‌కి ఇదీ ధర అని చెప్పడానికి లేదు. ఇంట్లో ఆరుగురికీ కలిపి నెలకి 4,760 డాలర్లు అని కాగితం మీద ఉంది. మేం కడుతున్నది 875. మాకు గుడిలో పరిచయమైన దంపతులు ఇదే కంపెనీలో ఇంతకన్నా తక్కువ రకం ప్లాన్‌కి, ఇద్దరికే, రెండు వేలకు పైన కడుతున్నారు. ఈ తేడా ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పకుండా ప్లాన్ బాగుంది, బాలేదు అని రాస్తే చదివినవాళ్ళకి ఉపయోగం లేదు. అందుకే ఈ రివ్యూలో సగం ధర గురించే ఉంటుంది.

నేను విజయవాడలో ఒక ప్రభుత్వ రంగ జనరల్ ఇన్సూరెన్స్ కంపెనీలో ముప్ఫై ఏళ్ళకు పైగా పనిచేసి రిటైరయ్యాను. మెడిక్లెయిమ్ ఫైళ్ళ మధ్యే జుట్టు నెరిసింది. మా అబ్బాయి ఇక్కడ సిటిజన్ అయ్యాక స్పాన్సర్ చేస్తే 2022లో గ్రీన్ కార్డుల మీద డాలస్ దగ్గర ఫ్రిస్కో వచ్చాం. నాకు 67, మా ఆవిడకి 64. ఇద్దరికీ బీపీ, ఆవిడకి అదనంగా షుగర్. అబ్బాయి కంపెనీ ఉద్యోగం మానేసి 1099 మీద, అంటే కాంట్రాక్టు లెక్కన, సొంతంగా కన్సల్టింగ్ చేసుకుంటున్నాడు. కోడలు చిన్నపిల్లలతో ఇంట్లోనే ఉంటోంది. కాబట్టి ఆఫీసు ఇచ్చే ఇన్సూరెన్స్ ఎవరికీ లేదు. అందరం మార్కెట్‌ప్లేస్‌లో, అంటే మనవాళ్ళు ఒబామాకేర్ అనే గవర్నమెంటు ఇన్సూరెన్స్ బజారులో, కొనుక్కోవాల్సిందే.

ఇక్కడ సబ్సిడీ లెక్క ఎలా ఉంటుందో ముందు చెబుతాను. ప్లాన్లకి బ్రాంజ్, సిల్వర్, గోల్డ్ అని లోహాల పేర్లు, పైకి వెళ్ళేకొద్దీ కంపెనీ ఎక్కువ భరిస్తుంది. మీ కౌంటీలో అమ్మే సిల్వర్ ప్లాన్లన్నిటినీ ధర ప్రకారం వరుసగా పెట్టి, కింది నుంచి రెండోదాన్ని బెంచ్‌మార్క్ అంటారు. మీ ఆదాయంలో ఇంత శాతం మీ వాటా అని చట్టంలో ఉంటుంది. బెంచ్‌మార్క్ ధరలో మీ వాటా పోగా మిగిలింది గవర్నమెంటు నేరుగా కంపెనీకి కట్టేస్తుంది. పెళ్ళి భోజనాల్లో విస్తరి లెక్కన కేటరర్‌కి డబ్బిచ్చేది పెళ్ళివారు, తినేవాడికి రేటు తెలియదు. ఇదీ అంతే. బెంచ్‌మార్క్ వంద పెరిగినా వెయ్యి పెరిగినా, సబ్సిడీ వచ్చేవాడి వాటా కదలదు. పెరిగిందంతా గవర్నమెంటు ఖాతాలో పడుతుంది. సబ్సిడీ రానివాడికి మాత్రం పెరిగిన ప్రతి డాలరూ సొంత జేబులోంచే.

మొదట్లో, అంటే 2014లో ఇది మొదలైనప్పుడు, దారిద్ర్య రేఖకి నాలుగు రెట్ల ఆదాయం దాటితే సబ్సిడీ అసలు లేదు. 2021 మార్చిలో, కోవిడ్ సాయం చట్టంలో, ఆ గీత తీసేశారు. ఎంత సంపాదించినా బెంచ్‌మార్క్‌కి మీ ఆదాయంలో 8.5 శాతానికి మించి పెట్టక్కర్లేదు అన్నారు. 2022 ఆగస్టులో ఇంకో చట్టం చేసి దాన్ని 2025 చివరిదాకా పొడిగించారు. ఆ గడువు ముగిస్తే ఏమవుతుందన్న గొడవ మీదే 2025 అక్టోబర్ 1 నుంచి 43 రోజులు గవర్నమెంటు మూతపడింది. తెరిచాక డిసెంబర్ 11న సెనేట్‌లో మూడేళ్ళ పొడిగింపు ఓటింగ్‌కి వచ్చింది. 60 ఓట్లు కావాలి, 51 పడ్డాయి. డిసెంబర్ 31తో అదనపు సబ్సిడీ పోయింది, పాత గీత తిరిగొచ్చింది.

మా ఇంట్లో పోయినేడు రెండు పాలసీలు ఉండేవి. అబ్బాయి ఆదాయం ఖర్చులు పోను 1,38,000 డాలర్లు. నలుగురికీ సిల్వర్ ప్లాన్ అసలు ధర నెలకి 1,575. 8.5 శాతం లెక్కన వాడు 977 కట్టేవాడు. మాది వేరే దరఖాస్తు, వేరే టాక్స్ రిటర్న్. మా ఇద్దరి అసలు ధర 2,296, కానీ మేం కట్టింది సున్నా. పైగా ఆదాయం బాగా తక్కువ కాబట్టి డిడక్టిబుల్ (కంపెనీ కట్టడం మొదలుపెట్టేలోపు మనం పెట్టుకోవాల్సిన మొత్తం) లేదు, మామూలు డాక్టర్ దగ్గరికి వెళ్తే ఒక్క డాలరు కూడా లేదు. ఇన్సూరెన్స్‌లో ఇన్నేళ్ళు పనిచేసి, అంత మంచి పాలసీ నా చేత్తో ఎవరికీ ఇవ్వలేదు.

2025 చివర్లో కొత్త రేట్లు వచ్చాయి. అబ్బాయి కుటుంబానికి 2,050. మాకు 2,980. సబ్సిడీ రెండిటికీ సున్నా. కలిపితే నెలకి 5,030, ఏడాదికి 60 వేలు దాటింది. ఆవిడ రూపాయల్లో ఎంతో చెప్పమంది. చెప్పాను, యాభై లక్షల పైన. "ఏడాదికి అంతా? ఆ డబ్బు పెడితే మొగల్రాజపురంలో పాత ఫ్లాటొకటి కొనుక్కుని, పక్కనే ఉన్న ఆసుపత్రికి నడిచి వెళ్ళొచ్చు కదండీ" అంది. అందులో తప్పు పట్టడానికి నాకేమీ దొరకలేదు.

రెండు పాలసీలకీ సబ్సిడీ పోయింది కానీ రెండిటి కారణాలూ ఒకదానికొకటి పూర్తిగా వ్యతిరేకం. అబ్బాయికి ఆదాయం ఎక్కువై పోయింది. నలుగురున్న ఇంటికి నాలుగు రెట్ల గీత 1,28,600. వాడు దానికి 9,400 పైన ఉన్నాడు. గీతకి ఒక్క డాలరు కింద ఉంటే ఏడాదికి పదకొండు వేలకు పైగా సబ్సిడీ వచ్చేది. ఎక్కువ సంపాదించిన తొమ్మిది వేల చిల్లర కోసం పదకొండు వేలు పోగొట్టుకున్నట్టు.

మాకేమో ఆదాయం తక్కువై పోయింది. ఇది మన తల్లిదండ్రులు చాలామందికి వర్తించే విషయం, కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. మామూలుగా ఈ సబ్సిడీ రావాలంటే ఆదాయం కనీసం దారిద్ర్య రేఖ దాటాలి. ఇద్దరికి 21,150 డాలర్లు. మా డిపాజిట్ల వడ్డీ అందులో సగం కూడా లేదు. అంతకన్నా తక్కువ ఉన్న పేదలకి మెడికెయిడ్ అనే గవర్నమెంటు వైద్య పథకం ఉంటుందని చట్టం రాసినవాళ్ళ ఉద్దేశం. కానీ కొత్తగా వచ్చిన గ్రీన్ కార్డువాళ్ళకి సాధారణంగా అయిదేళ్ళు మెడికెయిడ్ ఇవ్వరు. ఆ సందులో పడినవాళ్ళ కోసం చట్టంలో ఒక మినహాయింపు పెట్టారు: ఇమిగ్రేషన్ కారణంగా మెడికెయిడ్ రానివాళ్ళకి ఆదాయం రేఖ కింద ఉన్నా సబ్సిడీ ఇవ్వొచ్చు అని. డాలస్ చుట్టుపక్కల గ్రీన్ కార్డు పేరెంట్స్ ఎంతోమంది దీని మీదే నడిచారు. 2025 జూలై 4న సంతకమైన 'వన్ బిగ్ బ్యూటిఫుల్ బిల్' ఆ మినహాయింపుని 2026 జనవరి 1 నుంచి తీసేసింది. అదనపు సబ్సిడీ గొడవ పేపర్లలో రోజూ వచ్చింది. ఇది మాత్రం ఎవరికీ పెద్దగా తెలియకుండానే జరిగిపోయింది.

65 దాటింది కదా, పెద్దవాళ్ళకి గవర్నమెంటు నడిపే మెడికేర్ లేదా అని చాలామంది అడుగుతారు. ఇక్కడ పదేళ్ళు పనిచేసి టాక్సులు కట్టినవాళ్ళకి, వాళ్ళ భార్యకో భర్తకో, అందులో ఆసుపత్రి భాగం ఉచితం. మనలాంటి వాళ్ళు కొనుక్కోవచ్చు, కానీ గ్రీన్ కార్డు మీద వరసగా అయిదేళ్ళు ఇక్కడ ఉండాలి. మాకు 2027లో నిండుతాయి.

అబ్బాయి టాక్సులు చూసే సీపీఏ గుంటూరు కుర్రాడు. వాడు ఫోన్‌లో అడిగిన మొదటి ప్రశ్న, "అంకుల్, మీకు పెన్షన్ ఎంత వస్తుంది?" నాకు పెన్షన్ లేదు. మా కంపెనీలో పెన్షన్ స్కీమ్ పెట్టినప్పుడు నేను ఆప్షన్ ఇవ్వలేదు, పీఎఫ్‌లోనే ఉండిపోయాను. ఆ డబ్బు ఇద్దరి పేర్లా డిపాజిట్లలో ఉంది. వడ్డీ నాకు ఏడాదికి నాలుగు వేల డాలర్ల లోపు, ఆవిడకి ఇంకా తక్కువ. "అయితే మీ ఇద్దరినీ మీ అబ్బాయి రిటర్న్‌లో డిపెండెంట్లుగా చూపిద్దాం" అన్నాడు.

దాని అర్థం విన్నాక కుర్చీలో నిటారుగా కూర్చున్నాను. మేం డిపెండెంట్లమైతే అది ఆరుగురున్న ఇల్లు. ఆరుగురికి దారిద్ర్య రేఖ 43,150, నాలుగు రెట్లు 1,72,600. అబ్బాయి 1,38,000 ఇప్పుడు గీత కిందికి వచ్చేసింది. 2026 పట్టిక ప్రకారం ఆ ఆదాయానికి వాటా 9.96 శాతం. అంటే ఏడాదికి 13,745 డాలర్లు, నెలకి 1,145. అది నలుగురి వాటా కాదు, ఆరుగురిది. ఏడాదికి మిగిలిన 46,600 గవర్నమెంటు కడుతుంది.

పోయినేడు మా రెండు పాలసీలకీ కలిపి గవర్నమెంటు కట్టింది 35 వేల లోపే. ఖర్చు తగ్గించాలని సబ్సిడీలు కోసిన ఏడాదే మా ఒక్క ఇంటి మీద ఖర్చు మూడో వంతు పెరిగింది. మేం ఒక్క అబద్ధం చెప్పలేదు, ఒక్క కాగితం దాచలేదు. ఒకే ఇల్లు, అదే సంపాదన, తలలు లెక్కపెట్టే పద్ధతి మారిందంతే. అందరికీ ఇది కుదరదు. డిపెండెంట్‌గా చూపించాలంటే తండ్రికైనా తల్లికైనా సొంత ఆదాయం ఒక పరిమితి లోపు ఉండాలి. 2025కి అది 5,200 డాలర్లు, ఏటా కాస్త పెరుగుతుంది. నెలకి 50 వేల పెన్షన్ వచ్చే మాస్టారు అక్కడే ఆగిపోతారు. వాళ్ళ పోషణలో సగానికి పైగా పిల్లలే పెడుతుండాలి కూడా. టాక్స్ తెలిసినవాళ్ళని అడగకుండా నా రివ్యూ చదివి ఇలా చేయకండి.

ఇప్పుడు వెండి, బంగారం సంగతి. 1,145 అనేది బెంచ్‌మార్క్ సిల్వర్ కొంటే. మేం గోల్డ్ కొన్నాం, 875కే వచ్చింది. బందరు రోడ్డులో నగల షాపువాళ్ళకి చెబితే నవ్వుతారు. గోల్డ్ అంటే కంపెనీ ఎక్కువ భరించే ప్లాన్, కాబట్టి ఖరీదు ఎక్కువ ఉండాలి. ఎందుకు తక్కువైందంటే, తక్కువ ఆదాయం వాళ్ళు సిల్వర్ కొంటే వాళ్ళకి డిడక్టిబుల్, కోపే (డాక్టర్ దగ్గరికి వెళ్ళినప్పుడల్లా మనం ఇచ్చే వాటా) తగ్గించాలని చట్టం. మాకు పోయినేడు వచ్చింది అదే. ఆ తగ్గింపు ఖర్చుని గవర్నమెంటు కంపెనీలకి తిరిగి ఇచ్చేది. 2017 అక్టోబర్‌లో ట్రంప్ ప్రభుత్వం ఆ చెల్లింపు ఆపేసింది. కంపెనీలు తగ్గింపు ఇవ్వక తప్పదు, కాబట్టి ఆ ఖర్చంతా తీసుకెళ్ళి సిల్వర్ ధర మీద వేశాయి. సిల్వర్ పెరిగితే బెంచ్‌మార్క్ పెరిగింది, బెంచ్‌మార్క్ పెరిగితే అందరి సబ్సిడీ పెరిగింది. ఒక జేబులోంచి ఇవ్వడం మానేసిన డబ్బు ఇంకో జేబులోంచి ఎక్కువే పోయింది. టెక్సాస్ 2021లో చట్టం చేసి, 2023 ప్లాన్ల నుంచి, ఆ ఖర్చుని సిల్వర్ మీద పూర్తిగా వేయాల్సిందేనని చెప్పింది. దాంతో మా కౌంటీలో చవక గోల్డ్ బెంచ్‌మార్క్ సిల్వర్ కన్నా కిందికి దిగింది. టెక్సాస్‌లో ఉండి, ఆదాయం మధ్యస్థంగా ఉండి, అలవాటుగా సిల్వర్ రెన్యూ చేసుకునే మనవాళ్ళు ఇంకా ఉన్నారు. ఒక్కసారి గోల్డ్ వరస కూడా చూడండి.

బ్రాంజ్ తీసుకుందామని అబ్బాయి అన్నాడు. 2026 నుంచి బ్రాంజ్ ప్లాన్లన్నిటికీ హెచ్‌ఎస్‌ఏ పెట్టుకోవచ్చు, అది వైద్యం ఖర్చుల కోసం దాచుకునే ఖాతా, అందులో వేసిన డబ్బు ఆదాయంలోంచి తగ్గుతుంది. ఆలోచన మంచిదే. కానీ చిన్న మనవడికి ఆస్తమా, చలికాలంలో నెబ్యులైజర్ పక్కనే ఉండాలి. వద్దన్నాను.

ఇక ప్లాన్ ఎలా ఉంది? ఇది హెచ్‌ఎంఓ. అంటే ఒక ఫ్యామిలీ డాక్టర్‌ని ఎంచుకోవాలి, స్పెషలిస్ట్ దగ్గరికి ఆయన పంపితేనే వెళ్ళాలి. మాకు దొరికిన డాక్టర్ తెలుగావిడ. ఆవిడతో మా ఆవిడ షుగర్ గురించి పది నిమిషాలు, గోంగూర గురించి పదిహేను నిమిషాలు మాట్లాడుతుంది. ఆ సౌకర్యానికి నేను ఒక పూర్తి మార్కు వేశాను. ఫ్యామిలీ డాక్టర్‌కి 30 డాలర్లు, స్పెషలిస్ట్‌కి 60, జెనరిక్ మందులకి 15. డిడక్టిబుల్ మనిషికి 2,000. పోయినేడు సున్నాతో గడిచిన మాకు ఇదే కొత్త. ప్రీమియం చూస్తే మా ఇల్లు బయటపడ్డట్టే కనిపిస్తుంది కానీ, మా ఇద్దరి పాలసీ పలచబడింది. ఆవిడ షుగర్ టెస్టులు, కంటి రెటీనా పరీక్ష, నా గుండె ఎకో, ఇవన్నీ ఇప్పుడు లెక్కలోకి వస్తున్నాయి. ప్రీమియం మాత్రమే పోల్చి ప్లాన్ కొనేవాళ్ళు ఇది గమనించాలి.

మెచ్చుకోవాల్సినవి మెచ్చుకోవాలి. పాత జబ్బులకి ఒక్కరోజు కూడా వెయిటింగ్ లేదు. మన దగ్గర అది నాలుగేళ్ళదాకా ఉండేది, 2024లో ఇన్సూరెన్స్ నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ మూడేళ్ళకి తగ్గించింది. ఆ వెయిటింగ్ కారణంగా క్లెయిమ్ తిరస్కరిస్తూ ఉత్తరాలు రాసినవాణ్ణి కాబట్టి దీని విలువ నాకు తెలుసు. వయసు మీద కూడా అదుపుంది. 64 ఏళ్ళవాడి ప్రీమియం 21 ఏళ్ళవాడి ప్రీమియానికి మూడు రెట్లు దాటకూడదు, 64 తర్వాత వయసు పేరుతో ఇక పెంచకూడదు. కొలనోస్కోపీ, మామోగ్రామ్, టీకాలు లాంటి నివారణ పరీక్షలకి కోపే లేదు.

మార్కులు ఎక్కడ పోయాయంటే, కంపెనీ డాక్టర్ల జాబితాలో. అందులో చూసి నా కోసం కార్డియాలజిస్ట్ అపాయింట్‌మెంట్ తీసుకున్నాం. తీరా వెళ్తే ఆయన ఆ నెట్‌వర్క్‌లో లేరని కౌంటర్‌లో అమ్మాయి చెప్పింది. కాల్ సెంటర్‌కి ఫోన్ చేస్తే ఉన్నారంది, క్లినిక్ లేరంది. నెట్‌వర్క్‌లో లేని డాక్టర్‌కి హెచ్‌ఎంఓ ఒక్క డాలరు ఇవ్వదు. కాబట్టి జాబితాని నమ్మకండి, క్లినిక్‌కే ఫోన్ చేసి ప్లాన్ పేరు పూర్తిగా చెప్పి అడగండి. ఇంకొకటి, ఎమర్జెన్సీ తప్ప ఈ ఏరియా దాటితే కవర్ లేదు. ఇండియాలో అసలు లేదు. పళ్ళ వైద్యానికి కవర్ లేదు. పెద్దవాళ్ళ పళ్ళ పని ఇక్కడ చేయించుకోవడం కన్నా విజయవాడ వెళ్ళినప్పుడు చేయించుకోవడమే నయం.

ఇప్పుడు గుడిలో దంపతులు. ఆయనకి 61, ఆవిడకి 59, చిన్న షాపు నడుపుతారు. ఆదాయం 90 వేలు. పోయినేడు 8.5 శాతం లెక్కన సిల్వర్‌కి నెలకి 640 లోపు కట్టారు. ఇద్దరికి గీత 84,600. దాటారు. ఈ ఏడు అదే సిల్వర్ 2,700 దాకా పలికింది. మాలాగా ఇంట్లో కలుపుకోవడానికి ఎవరూ లేరు. ఏడున్నర వేలు దాటిన డిడక్టిబుల్‌తో బ్రాంజ్ తీసుకుని, దానికే నెలకి రెండు వేలకు పైన కడుతున్నారు. ఆయనకి స్టెంట్ ఉంది కాబట్టి వదలలేదు. ఆయన షాపు పక్కన సెల్‌ఫోన్ రిపేర్ చేసే కుర్రాడు ముప్ఫై ఏళ్ళవాడు, ఏ జబ్బూ లేదు, మానేశాడు.

నేను ఉద్యోగంలో చూసిన రహస్యమంతా ఈ ఇద్దరిలో ఉంది. ధర పెరిగితే ముందు వెళ్ళిపోయేది ఆరోగ్యంగా ఉన్నవాడే. స్టెంట్ ఉన్నవాడు అప్పు చేసైనా ఉంటాడు. మిగిలినవాళ్ళ సగటు ఖర్చు పెరుగుతుంది, మరుసటేడు రేటు ఇంకా పెరుగుతుంది. కంపెనీలు ఇది జరగకముందే లెక్కలో వేసుకున్నాయి. ఆరోగ్య విధానాల మీద అధ్యయనాలు చేసే కేఎఫ్‌ఎఫ్ ప్రకారం 2026కి మార్కెట్‌ప్లేస్ ప్రీమియంలు సగటున 26 శాతం పెరిగాయి. ఆ 26లో నాలుగు దాకా కేవలం సబ్సిడీ పోతుందన్న భయానికి వేసుకున్నదే. మిగతాది ఆసుపత్రి ఖర్చులు, బరువు తగ్గించే ఇంజెక్షన్ల లాంటి ఖరీదైన మందులు. కాబట్టి సబ్సిడీ పోతే వినియోగదారుడికి రెండు దెబ్బలు. తన వాటా పెరుగుతుంది, అసలు ధర కూడా పెరుగుతుంది. మొదటి దెబ్బ చాలా పెద్దది, రెండోది చిన్నదే కానీ ఏటా పేరుకుపోతుంది. మా ఇంటికి రెండోది తగల్లేదు, గవర్నమెంటుకి తగిలింది. షాపాయనకి రెండూ తగిలాయి.

ఇదే సమయంలో గుంటూరులో మా తమ్ముడు సంతోషంగా ఫోన్ చేశాడు. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత హెల్త్ పాలసీల మీద 18 శాతం జీఎస్‌టీ తీసేశారు కదా, వాడి సీనియర్ సిటిజన్ పాలసీకి పదకొండు వేల రూపాయలు మిగిలాయట. మిగిలాయి, నిజమే. కానీ పన్ను లేకపోతే కంపెనీకి ఇన్‌పుట్ క్రెడిట్, అంటే తను కట్టిన పన్ను తిరిగి రాబట్టుకునే వీలు, కూడా ఉండదు, ఆ ఖర్చు ఏదో ఒక రోజు బేస్ ప్రీమియంలోకి రావచ్చు. "రెన్యువల్ నోటీసు వచ్చినప్పుడు మొత్తం కాదురా, బేస్ ప్రీమియం చూడు" అన్నాను. "నువ్వు రిటైరయ్యావన్నయ్యా" అని పెట్టేశాడు.

ఈ ప్లాన్ కొనేవాళ్ళకి అసలు టెన్షన్ ఇంకొకటి ఉంది. సబ్సిడీ అంచనా ఆదాయం మీద ముందే ఇస్తారు. ఏడాది అయ్యాక టాక్స్ రిటర్న్‌లో అసలు ఆదాయంతో సరిచూస్తారు. ఎక్కువ తీసుకుని ఉంటే తిరిగి కట్టాలి. గీత కింద ఉన్నవాళ్ళకి ఇదివరకు ఆ తిరిగి కట్టేదానికి పరిమితి ఉండేది, 2026 నుంచి అదీ తీసేశారు. మా అబ్బాయి ఆదాయం 1,72,600 ఒక్క డాలరు దాటినా 46,600 మొత్తం వెనక్కి కట్టాలి. అందుకని వాడు ఇప్పుడు నెలనెలా లెక్క చూసుకుంటున్నాడు. నవంబర్‌లో పెద్ద ప్రాజెక్టు ఏదైనా వస్తే బిల్లు జనవరిలో పంపుతానంటున్నాడు. ఎక్కువ పని చేయొద్దని కొడుక్కి తండ్రి చెప్పాల్సిన పరిస్థితి తెచ్చిన పాలసీని నేను నా సర్వీసులో చూడలేదు.

హెచ్1బీ, హెచ్4 మీద ఉండి మార్కెట్‌ప్లేస్‌లో సబ్సిడీతో కొనుక్కున్నవాళ్ళు 2027 జనవరి నుంచి అది రాదని గుర్తుంచుకోండి. గ్రీన్ కార్డువాళ్ళకి ఉంటుంది. ఇండియాలో డిపాజిట్లు అన్నీ కలిపి ఎప్పుడైనా పది వేల డాలర్లు దాటిన పెద్దవాళ్ళు ఎఫ్‌బార్ అనే విదేశీ ఖాతాల రిపోర్టు ఫైల్ చేయడం మర్చిపోకూడదు. రేట్లు చూడటానికి గవర్నమెంటు సైట్‌కే వెళ్ళండి, అందులో లాగిన్ లేకుండానే వయసు, ఊరు, ఆదాయం వేసి అసలు ధర, సబ్సిడీ రెండూ చూడొచ్చు. "ఉచిత కోట్" అని వచ్చే సైట్లలో ఫోన్ నంబర్ ఇచ్చారా, ఇక ఆ ఫోన్ మీది కాదు. మా ఆవిడ ఫోన్ ఇప్పటికీ మోగుతోంది.

2027లో మా అయిదేళ్ళు నిండితే మెడికేర్ కొనుక్కోవచ్చు. ఈ ఏడాది రేట్లలో ఆసుపత్రి భాగానికి 565, డాక్టర్ భాగానికి 202.90, కలిపి మనిషికి 768 డాలర్లు. ఇదే కౌంటీలో నా వయసుకి సిల్వర్ అసలు ధర 1,490. అసలు ధరలు పోలిస్తే మెడికేర్ సగమే. మా ఇంటి జేబు లెక్క వేరు. ఇప్పుడు ఆరుగురికీ కలిపి 875 కడుతుంటే, మేమిద్దరం అటు వెళ్తే మా ఇద్దరికే 1,536 అవుతుంది. వెళ్ళకుండా ఆలస్యం చేస్తే డాక్టర్ భాగం మీద ప్రతి పూర్తి ఏడాదికీ పది శాతం చొప్పున పెనాల్టీ, అది ఉన్నన్నాళ్ళూ వదలదు. నవంబర్‌లో కొత్త రేట్లు వచ్చాక రెండూ పక్కపక్కన పెట్టి చూస్తాను. అబ్బాయి ఆదాయం గీత దగ్గరికి వచ్చేలా ఉంటే మెడికేర్. లేకపోతే పెనాల్టీ ఎంత పడుతుందో వేసుకుని, అది భరించగలిగినంత కాలం గోల్డ్‌లోనే ఉంటాం. ఈసారి మాత్రం కార్డియాలజిస్ట్ క్లినిక్‌కి ముందే ఫోన్ చేసి అడుగుతాను.